కొత్త ఇంటి పెరట్లో మొదటి గ్రిల్లు: బొగ్గుదా, గ్యాసుదా, డ్రమ్ముదా?

కొత్తిల్లు (నల్లగొండ):

అందరికీ నమస్కారం. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు కట్టుకున్న ఇంట్లోకి మొన్న శ్రావణమాసంలో గృహప్రవేశం చేశాము. ఇంటి వెనుక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న పెరడు మిగిలింది. గోడకు ఆనుకున్న సగభాగంలో షాబాదు బండలు పరిపించాము, తక్కినదంతా మట్టి నేల. ఒక మూల జామచెట్టు ఉంది, ప్రహరీకి అవతల పక్కింటివారి గడ్డివాము ఉంది. హైదరాబాదులో పదకొండేళ్లు మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉన్నాము. బాల్కనీలో అగరువత్తి పొగ కాస్త ఎక్కువైనా ఇంటి యజమాని పైకి వచ్చి అడిగేవాడు. అందుకే సొంత పెరడు చేతికి వచ్చిన రోజే అక్కడ నిప్పుల మీద మాంసం కాల్చుకోవాలన్న కోరిక పుట్టింది.

మామూలు ఆదివారాల్లో మేము ఐదుగురమే. దసరాకు మాత్రం అక్కాబావలు, మేనమామ కుటుంబం కలిసి 18 మందిమి అవుతాము. అమ్మ మాంసం ముట్టదు. 20 వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. ఆన్‌లైన్‌లో చూస్తే రెండు వేల రూపాయల మడత గ్రిల్లు మొదలుకొని లక్ష దాటిన సిరామిక్ పొయ్యిల దాకా ఉన్నాయి, చదివిన కొద్దీ అయోమయం పెరుగుతోంది. బొగ్గుది కొనాలా, గ్యాసుది కొనాలా? గంటల తరబడి పొగలో మగ్గబెట్టే స్మోకర్ వేరుగా కావాలా? మా మేనమామ అయితే "డ్రమ్మును పొడుగునా కోయించి నాలుగు కాళ్లు అతికిస్తే అయ్యే పనికి ఇరవై వేలు ఎందుకురా?" అని రోజూ అడుగుతున్నాడు. ఇంతకు ముందు కొని, వాడి, తప్పులు చేసి నేర్చుకున్నవారు చెబితే వింటాను.

పాలమూరు నిప్పులు (మహబూబ్‌నగర్):

గృహప్రవేశ శుభాకాంక్షలు తమ్ముడూ. తప్పులు చేసి నేర్చుకున్నవారు కావాలన్నావు కాబట్టి ధైర్యంగా ముందుకు వస్తున్నాను.

నా మొదటి గ్రిల్లు మూత లేని రేకు తొట్టె. దాని మీద ఒక జాలీ, పక్కన నాలుగు సీకులు పెట్టుకునే గాట్లు ఉండేవి. బొమ్మలో చాలా బాగుంది. ఇంటికి వచ్చాక తెలిసింది, రేకు ఎంత పలుచనిదంటే రెండోసారి బొగ్గు వేసేసరికి అడుగు వంకరపోయింది. మా పెరట్లో సాయంత్రం అయ్యేసరికి గాలి ఒకవైపు నుంచి కొడుతుంది. గాలి తగిలిన వైపు బొగ్గు భగ్గుమని మండి, రెండో వైపు బూడిద కప్పుకుని చల్లారిపోయేది. కోడి తొడలు పైన నల్లగా మాడి, ఎముక దగ్గర ఎర్రగా మిగిలేవి. చివరికి వాటిని ఇంట్లోకి తీసుకుపోయి కుక్కర్లో పెట్టి, చుట్టాలకు కూరగా వడ్డించాము. మా బావ ఇప్పటికీ దాన్ని "గ్రిల్లు కూర" అంటాడు.

ఆ అనుభవం తర్వాత నాకు అర్థమైనది ఒకటే. బొగ్గా, గ్యాసా అన్న వాదనలోకి దిగే ముందు, కొనబోయే వస్తువుకు బిగువుగా కూర్చునే మూత ఉందో లేదో, అడుగున ఒకటి, మూత మీద ఒకటి గాలిని తెరిచి మూసే రంధ్రాలు ఉన్నాయో లేవో చూడాలి. బొగ్గు ఎంత వేడిగా మండుతుందో నిర్ణయించేది దానికి అందే గాలి. అడుగు రంధ్రం సగం మూస్తే వేడి తగ్గుతుంది, పూర్తిగా మూస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు వచ్చే వారానికి పనికివస్తుంది. మూత వేసినప్పుడు వేడిగాలి మాంసం చుట్టూ తిరుగుతుంది కాబట్టి కింద మాడకముందే లోపల ఉడుకుతుంది. మూత లేని తొట్టెలో వేడి కింది నుంచి మాత్రమే తగులుతుంది, మిగిలినదంతా ఆకాశానికి పోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1952లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, గాలికీ పొగకూ తన పెరటి పొయ్యితో విసిగిపోయి, ఆ కంపెనీలో తయారయ్యే లోహపు బోయాను, అంటే నీళ్ల మీద తేలే గుర్తు గోళాన్ని, సగానికి చేసి ఒక సగాన్ని పొయ్యిగా, ఒక సగాన్ని మూతగా వాడాడు. ఇప్పుడు కెటిల్ గ్రిల్లు అని అమ్ముతున్న గుండ్రటి ఆకారం దాని నుంచి వచ్చిందే. ఆయనను విసిగించిన గాలే మన పాలమూరు, నల్లగొండ పెరళ్లలో కూడా వీస్తుంది కాబట్టి ఈ ఆకారం మనకూ సరిపోతుంది.

నువ్వు స్మోకర్ వేరుగా కొనవలసిన అవసరం లేదు. కెటిల్లో బొగ్గునంతా ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచి, ఆ ఖాళీ వైపు జాలీ కింద ఒక పళ్లెంలో నీళ్లు పోసి, మాంసాన్ని నీళ్ల పైన పెట్టి మూత వేస్తే అదే స్మోకర్. మూత రంధ్రం మాంసం ఉన్న వైపుకు తిప్పి పెట్టాలి, అప్పుడే పొగ మాంసం మీదుగా పోయి బయటపడుతుంది. స్మోకింగుకు లోపలి వేడి సుమారు 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. సీకులు కాల్చాలంటే మూత తీసి, నిప్పులున్న వైపు నేరుగా పెట్టుకోవాలి. ఒకే వస్తువుతో రెండు పనులూ జరుగుతాయి.

పరిమాణం విషయంలో 47 సెంటీమీటర్లది, 57 సెంటీమీటర్లది అని రెండు ఎక్కువగా దొరుకుతాయి. ఐదుగురికి చిన్నది చాలు, కానీ బొగ్గు ఒక పక్కకు నెట్టగానే వంటకు మిగిలేది సగం జాలీ మాత్రమే కాబట్టి 57 కొనమంటాను. దసరా 18 మంది కోసమని ఇంకా పెద్దది కొనకు. ఏడాదిలో ఒక్క రోజు కోసం మిగిలిన రోజులంతా పెద్ద పొయ్యికి బొగ్గు మేపవలసి వస్తుంది. ఆ రోజు రెండు మేక తొడలు ముందుగా పొగలో పెట్టి, అవి దిగాక అదే నిప్పుల మీద కోడి ముక్కలు కాలిస్తే, పక్కన బగారన్నం ఉంటుంది కాబట్టి ఎవరూ ఆకలితో లేవరు.

సిరామిక్ కమాడోలు, అంటే నువ్వు చూసిన గుడ్డు ఆకారపు మందపాటి పొయ్యిలు, వేడిని అద్భుతంగా పట్టి ఉంచుతాయి, బొగ్గు తక్కువ తింటాయి. కానీ బరువు, ధర, కింద పడితే పగిలిపోవడం అన్నవి మొదటి గ్రిల్లుకు తగవు. చెక్క గుళికలతో నడిచే పెల్లెట్ గ్రిల్లుకు కరెంటు కావాలి, ఆహారానికి పనికివచ్చే గుళికలు కావాలి. మన దగ్గర బాయిలర్ల కోసం పంట వ్యర్థాలతో చేసి అమ్మే గుళికలను అందులో పోయకూడదు.

ఒక ముఖ్యమైన ఖర్చు మరిచిపోవద్దు. ముల్లు గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ తప్పకుండా కొను. మూతకు బిగించి వచ్చేది మూత దగ్గరి వేడిని చూపుతుందే తప్ప మాంసం లోపలి సంగతి చెప్పలేదు. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకు చేరితే నిశ్చింతగా తినవచ్చు. దీన్ని కంటితో, చేత్తో కనిపెట్టగలమని అనుకునేవారికి నా గ్రిల్లు కూరే సమాధానం.

ఇనుము పని (సూర్యాపేట):

పాలమూరు అన్న చెప్పిన మూత, గాలి రంధ్రాల మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే మేనమామ మాటను కూడా అంత తేలికగా తీసిపారేయకూడదు. నాకు వెల్డింగు షాపు ఉంది, ఇప్పటికి డ్రమ్ముతో చాలా గ్రిల్లులు చేసి ఇచ్చాను. వాటిలో కొన్ని బాగా వచ్చాయి, కొన్ని నాకే నచ్చలేదు. ఎందుకో చెబుతాను.

అందరూ 200 లీటర్ల డ్రమ్మును పొడుగునా కోసి, ఒక సగాన్ని తొట్టెగా, ఒక సగాన్ని మూతగా చేయమంటారు. అది చూడటానికి పెద్దగా, దర్జాగా ఉంటుంది. కోసిన వెంటనే రేకు తన బిగువు కోల్పోయి కొద్దిగా విచ్చుకుంటుంది కాబట్టి రెండు అంచులు కలవవు. అంచులకు పట్టీ కొట్టకపోతే మూత వేసినా నాలుగు వైపులా గాలి దూరుతుంది, ఇక నిప్పు మన మాట వినదు. పైగా అంత పొడవు తొట్టెకు బొగ్గు కూడా అంతే కావాలి.

నేను ఇప్పుడు ఎవరు అడిగినా డ్రమ్మును నిలువుగానే ఉంచి చేస్తున్నాను. అడుగున బొగ్గు బుట్ట, దాని నుంచి సుమారు రెండడుగుల ఎత్తున జాలీ, కింద మూడు రంధ్రాలు, వాటికి జరిపే రేకులు, పైన డ్రమ్ము మూతకే రంధ్రాలు పెడతాను. 57 సెంటీమీటర్ల కెటిల్ జాలీ ఈ డ్రమ్ములో సరిగ్గా కూర్చుంటుంది, ఎందుకంటే డ్రమ్ము లోపలి అడ్డుకొలత కూడా దాదాపు అంతే. జాలీ ఎత్తులో ఉంటుంది కాబట్టి మాంసం మాడదు; కొవ్వు నిప్పుల మీద చుక్కలుగా పడి లేచే పొగకు ప్రత్యేకమైన రుచి ఉంటుంది.

ఇక డ్రమ్ము ఎక్కడిదన్నదే అసలు విషయం. ఒకసారి ఒకాయన పాత సామాను దుకాణం నుంచి తెచ్చిన డ్రమ్ము ఇచ్చాడు. బయట పేరు చెరిపేసి ఉంది. కోయడం మొదలుపెట్టగానే వచ్చిన వాసనకు నా దగ్గర పనిచేసే కుర్రవాడు వాంతి చేసుకున్నాడు. మందులు, రసాయనాలు నింపిన డ్రమ్మును ఎంత కాల్చినా తినే వస్తువు దగ్గరికి రానివ్వకూడదు. పైగా లోపల మండే స్వభావమున్న ఆవిరి మిగిలి ఉంటే కోసేటప్పుడు పేలే ప్రమాదం ఉంది. వంటనూనె వంటి తినే సరుకు నింపినదని ఖచ్చితంగా తెలిస్తేనే తీసుకోవాలి. అప్పుడు కూడా లోపలి పూత, బయటి రంగు పోయేదాకా కట్టెలతో బాగా మంట పెట్టి, గీకి, కడిగి, తర్వాత వంటనూనె రాసి మళ్లీ కాల్చాలి. లోపల రంగు వేయనే వద్దు.

జాలీ కోసం కంచెకు వాడే తెల్లటి జాలీని తెచ్చి ఇచ్చేవారు ఉన్నారు. దాని మీద ఉండేది జింకు పూత, బాగా కాలినప్పుడు వచ్చే పొగ ఆరోగ్యానికి మంచిది కాదు. మామూలు ఇనుప ఊచలు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు గానీ వాడాలి.

కొత్త రేకుతో చేయిస్తే 3 మిల్లీమీటర్ల మందం అడగండి. ఒకటిన్నర మిల్లీమీటరు రేకు చౌకే కానీ వేడికి వంకరపోతుంది, రెండు వానాకాలాలకు తుప్పు తింటుంది. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మంచి డ్రమ్ము, స్టీలు ఊచలు, చక్రాలు, నా కూలి అన్నీ కలిపితే, మేనమామ అనుకుంటున్నంత చౌక కాదు. ఆయన లెక్కలో కూలి ఎప్పుడూ ఉండదు. డబ్బు మిగులుతుందని కాకుండా ఇష్టంతో చేయించుకుంటే బాగుంటుంది.

వారం మధ్య వంట (మిర్యాలగూడ):

గ్యాసు వైపు మాట్లాడేవారు ఒక్కరైనా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో మూడేళ్లుగా రెండు బర్నర్ల గ్యాసు గ్రిల్లు ఉంది. ఉద్యోగం నుంచి వచ్చి, పిల్లల హోంవర్కు చూసుకుంటూ, పది నిమిషాల్లో వేడెక్కే పొయ్యి మీద చేపముక్కలు కాల్చుకోవాలంటే దానికి సాటి లేదు. బొగ్గు రాజేసి, అది తెల్లబడేదాకా కాచుకుని కూర్చునే తీరిక బుధవారం రాత్రి ఎవరికి ఉంటుంది?

అయితే కొనేముందు ఒక ఇబ్బంది తెలుసుకోవాలి. విదేశాల నుంచి వచ్చిన గ్రిల్లుల రెగ్యులేటరు మన 14.2 కిలోల ఇంటి సిలిండరు మూతికి పట్టదు. మాకు అమ్మిన దుకాణంవారు ఈ సంగతి చెప్పలేదు, ఇంటికి తెచ్చాక ఒక మెకానిక్ ఏదో గొట్టం మధ్యలో అతికిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. మన సిలిండర్లకు సరిపోయేలా తయారైన రెగ్యులేటరు, పైపు తెప్పించుకునేదాకా రెండు నెలలు గ్రిల్లు మూలన పడి ఉంది. ఇక్కడి సిలిండర్ల కోసమే తయారైనదని నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి.

రుచి సంగతి దాచను. కొవ్వు వేడి రేకు మీద పడి లేచే పొగ వల్ల గ్యాసు గ్రిల్లులోనూ కాల్చిన రుచి వస్తుంది కానీ, కట్టె పొగ రుచి రాదు. చెక్క ముక్కలు రేకు పొట్లంలో చుట్టి పెట్టి చూశాను, అంతంత మాత్రమే. నల్లగొండ తమ్ముడు అడిగింది వారం మధ్య వంట గురించి కాదు, దసరా గురించి, పొగ గురించి. ఆయనకు బొగ్గుదే సరిపోతుంది. వంటింట్లో పొయ్యి మీద ఒక బరువైన ఇనుప పెనం ఉంటే బుధవారం చేపలు దాని మీద కాల్చుకోవచ్చు.

ఇంకొక మాట. మా ఊళ్లో రైసుమిల్లులు ఎక్కువ కాబట్టి ఊకతో నొక్కి చేసిన దిమ్మెలు చౌకగా దొరుకుతాయి. వాటిని చూసి మావారు ఆశపడ్డారు. అవి బొగ్గు కావు, పచ్చి ఊక. పొగ, బూడిద తప్ప వంటకు పనికివచ్చే నిప్పు ఇవ్వవు. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన బ్రికెట్లు వేరు, అవి నిలకడగా, ఎక్కువసేపు మండుతాయి.

కొత్తిల్లు (నల్లగొండ):

ముగ్గురికీ ధన్యవాదాలు. 57 సెంటీమీటర్ల కెటిల్ అని దాదాపు నిశ్చయించుకున్నాను. డ్రమ్ము పని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తానని చెప్పి మామను శాంతింపజేయాలి. మరికొన్ని సందేహాలు మిగిలాయి. పొగకు ఏ కట్టె వాడాలి? అమెరికావారు రాసే హికరీ, ఆపిల్ మన దగ్గర పొట్లాల్లో చాలా ఖరీదు. షాబాదు బండల మీదే గ్రిల్లు పెట్టవచ్చా? మేక తొడకు ఎంత సమయం పడుతుంది? అమ్మ కోసం ఏం చేయాలి?

తోట గట్టు (నిడమనూరు వైపు):

కట్టె గురించి నేను చెబుతాను. బత్తాయికి పేరుపడ్డ జిల్లాలో కూర్చుని హికరీ గురించి బాధపడవలసిన అవసరం లేదు. కోతలు అయ్యాక మా తోటల్లో కొమ్మలు కత్తిరించి గట్టు మీద పోస్తాము, వాటిలో చాలామటుకు పొయ్యికే పోతాయి. నిమ్మజాతి కట్టె పొగ తేలికగా ఉంటుంది, కోడికీ చేపకూ బాగా నప్పుతుంది. మణికట్టు లావు కొమ్మలు తీసుకుని, జానెడు ముక్కలు కోసి, నీడలో కనీసం ఆరు నెలలు ఆరబెట్టాలి. పచ్చి కట్టె వేస్తే తెల్లటి చిక్కటి పొగ వచ్చి మాంసానికి చేదు పట్టిస్తుంది. సన్నగా, నీలిరంగులో, కనీకనిపించకుండా వచ్చే పొగ మంచిది. మందులు కొట్టే తోటల కట్టె అయితే బెరడు చెక్కేసి వాడటం నా అలవాటు. ఇటీవల మందు కొట్టిన కొమ్మను నేను ఇంటికే తీసుకుపోను.

మేక మాంసానికి ఇంకా గట్టి పొగ కావాలంటే సర్కారు తుమ్మ ఉంది. చెరువు గట్ల మీద, బీళ్లలో కంపగా పెరిగి మనల్ని విసిగించే ఈ చెట్టు అమెరికాలో మెస్కీట్ అని ఇష్టంగా వాడే చెట్టుకు దగ్గరి బంధువు. దాని పొగ ఘాటుగా ఉంటుంది, ఒకటి రెండు ముక్కలకు మించి వేయకూడదు. మన అంగళ్లలో బస్తాల్లో దొరికే కట్టెబొగ్గులో చాలా భాగం ఈ చెట్టుదే. బస్తా కొనేటప్పుడు అడుగున చెయ్యి పెట్టి చూడండి, పైన పెద్ద ముక్కలు పేర్చి కింద నలిసిన పొడి నింపడం మామూలే. జామ, మామిడి, చింత కట్టెలు కూడా పనికివస్తాయి. మీ జామచెట్టు కొమ్మలు కొట్టినప్పుడు పారేయవద్దు.

వేపకట్టె చేదు పట్టిస్తుంది, నీలగిరి కట్టెలో నూనె ఘాటు ఉంటుంది, రెండూ వద్దు. గన్నేరు విషం. దాని పుల్లను సీకుగా కూడా వాడకూడదు, దాని పొగ కూడా పీల్చకూడదు. ఇల్లు కట్టిన తర్వాత మిగిలిన సెంట్రింగు చెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు కొత్త ఇళ్ల పెరళ్లలో ఎప్పుడూ ఉంటాయి. జిగురు, సిమెంటు, నూనె పట్టిన ఆ చెక్కను గ్రిల్లు దగ్గరికి తేవద్దు.

పాలమూరు నిప్పులు (మహబూబ్‌నగర్):

మిగిలినవి నేను చెబుతాను. షాబాదు బండ సున్నపురాయి జాతిది. దాని మీద నిప్పు పడితే చిట్లుతుంది, కొవ్వు చుక్క పడితే మరక పీల్చుకుని శాశ్వతంగా ఉంచుకుంటుంది. మా ఇంట్లో అలాంటి మరకలు ఏడు ఉన్నాయి, మా ఆవిడ వాటిని లెక్కపెట్టి పెట్టుకుంది. మట్టి నేల ఉన్న సగంలో ఇటుకలు పరిచి, దాని మీద గ్రిల్లు పెట్టుకో. ఇంటి గోడకూ, చెట్టు కొమ్మలకూ, కరెంటు తీగలకూ పది అడుగులైనా దూరం ఉండాలి. గడ్డివాము ఉన్న ప్రహరీకి పూర్తిగా ఎదురు మూలన పెట్టు, గాలి ఆ వైపుకు గట్టిగా వీచే రోజున నిప్పే రాజేయకు. బూడిదను రెండు రోజులు మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉంచి తర్వాతే చెట్టు మొదట్లో పోయాలి. పైకి చల్లగా కనిపించే బూడిదలో మరునాటికి కూడా నిప్పురవ్వ బతికి ఉంటుంది. కొవ్వు అంటుకుని మంట లేస్తే నీళ్లు పోయకు, మూత వేసి రంధ్రాలన్నీ మూసెయ్యి. వాన వచ్చినా సరే, రాజుకున్న బొగ్గును వరండాలోకి, గదిలోకి తేవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రాజేయడానికి కిరసనాయిలు వాడితే మాంసమంతా ఆ వాసనే వస్తుంది. ఎండిన మక్క బెండ్లు, కొబ్బరి చిప్పలు కింద పెట్టి అంటించు. సూర్యాపేట అన్నతో జానెడు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న రేకు గొట్టం ఒకటి చేయించుకుని, అందులో బొగ్గు నింపి కింద కాగితం వెలిగిస్తే ఇరవై నిమిషాల్లో అంతా రాజుకుంటుంది.

ఇక మేక తొడ. అమెరికావారు పది, పన్నెండు గంటలు అని రాసేది కొవ్వు దట్టంగా ఉన్న ఆవు రొమ్ము మాంసం గురించి. మన మేక తొడ రెండు కిలోలు ఉంటుంది, కొవ్వు తక్కువ, కాబట్టి ఆ లెక్క పాటిస్తే ఎండిపోయి తునకల్లా తయారవుతుంది. ఉప్పు, అల్లం వెల్లుల్లి, పెరుగు, కొద్దిగా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. బొప్పాయిలోని పపెయిన్ పీచును మెత్తబరుస్తుంది, ఎక్కువ వేస్తే పైభాగం పిండిలా అవుతుంది. మిరప్పొడి పైపైన దట్టంగా అద్దకు. నిప్పు మీద మాడి ఇంటిల్లిపాదికీ దగ్గు తెప్పిస్తుంది. 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు పొగలో ఉంచి, రంగు వచ్చాక, ఉల్లిగడ్డ ముక్కలు, కాసిన్ని నీళ్లతో అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టి మళ్లీ లోపల పెట్టు. మొత్తం నాలుగు గంటల చుట్టుపక్కల పడుతుంది. లోపల 65, 70 డిగ్రీల దగ్గర థర్మామీటరులో అంకె కదలకుండా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. మాంసం చెమ్మ ఆవిరవుతూ చల్లబరుస్తున్నందువల్ల అలా జరుగుతుంది. కంగారుపడి బొగ్గు కుమ్మరించకు. 90 దాటాక ఎముక చేతికి వదులుగా వస్తుంది. పీచుల మధ్య గట్టిగా ఉండే కొల్లాజెన్ ఆ వేడికి కరిగి జిగురుగా మారడమే దానికి కారణం. తీసిన వెంటనే కోయకుండా అరగంట ఆగు.

నాటుకోడిని మాత్రం మొదటి ఏడాది దీని మీద ప్రయత్నించకు. సగం ఉడికించి తెస్తే తప్ప నిప్పు మీద నమలలేనంత గట్టిపడుతుంది. వేసవిలో మన దగ్గర 44 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పచ్చి మాంసం బయట గంటకు మించి ఉంచకూడదు. ఎండ దిగాకే మొదలుపెట్టు.

అమ్మగారికి వేరే జాలీ ఒకటి కొని, దానికి గుర్తుగా ఒక తీగ చుట్టి, మాంసం పెట్టకముందే ఆమె వంట ముగించు. వంకాయలు, టమాటాలు, మక్క కంకులు నిప్పు మీద కాల్చి పచ్చడి చేస్తే మిగిలినవారంతా కూడా అటే వస్తారు. దసరాకు సీతాఫలాలు కూడా వస్తాయి. మా చిన్నప్పుడు పొలాల దగ్గర పచ్చికాయలను నిప్పుల్లో కప్పెట్టి కాల్చుకు తినేవాళ్లం, అమ్మగారికి తెలిసే ఉంటుంది.

ఇనుము పని (సూర్యాపేట):

రేకు గొట్టం చేసి పెడతాను తమ్ముడూ, సూర్యాపేట వచ్చినప్పుడు తీసుకుపో. చెక్క పిడి పెడుతున్నాను, ఇనుప పిడి చెయ్యి కాలుస్తుంది.

కొత్తిల్లు (నల్లగొండ):

మళ్లీ నేనే. కెటిల్ కొన్నాను, థర్మామీటరుతో కలిపి అనుకున్న డబ్బులోనే అయింది. దసరాకు ముందు రెండు ఆదివారాలు సాధన చేశాను. మొదటి ఆదివారం మూత రంధ్రం మూసిపెట్టి, నిప్పు ఎందుకు చల్లారుతోందో తెలియక గంటసేపు ఊదుగొట్టంతో ఊదాను. రెండో ఆదివారం కోడి సరిగ్గా 74 దగ్గర దింపాను. తోట గట్టు అన్న చెప్పినట్టు ఎండిన బత్తాయి కొమ్మలు తెలిసినవారి తోట నుంచి తెచ్చాను. పండుగ రోజు రెండు తొడలకు నాలుగున్నర గంటలు పట్టింది, గడ్డివాము క్షేమంగా ఉంది, బండ మీద మరక ఒక్కటే పడింది. అమ్మ పచ్చి సీతాఫలాలను తానే బూడిదలో కప్పెట్టింది, చిన్నప్పుడు గొర్రెలు కాసేటప్పుడు ఇలాగే తినేవాళ్లమని నాకు ఎప్పుడూ చెప్పని సంగతులు పిల్లలకు చెప్పింది. మేనమామ రెండుసార్లు మాంసం వడ్డించుకున్నాడు, చెయ్యి కడుక్కుంటూ, నిలువు డ్రమ్ముకు ఎంత అవుతుందో సూర్యాపేట ఆయనను కనుక్కోమన్నాడు.